కర్రలు ఒకచోట, గుడ్డలు ఒకచోట

ఏడాది కిందట ఇదే పత్రికలో నా విశాఖపట్నం యాత్ర అచ్చయింది. సముద్రం అవతల శ్రీలంకలో ఉన్న మన శాంతిసేనకు మన రేవు నుంచి సామాను ఎలా వెళుతుందో చూసి రాసిన కథనం అది. చాలామంది బాగుందన్నారు. అందులో ఒకచోట ఇలా రాశాను: "పూర్ణా మార్కెట్ వెనక గుడారాలు కుట్టేవాళ్లు గుడ్డ దగ్గర నిజాయితీగానే ఉంటారు గాని, కర్రల దగ్గర చేతివాటం చూపిస్తారు." ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకు రెండోసారి అదే ఊరికి వెళుతుండగా, రైల్లో తెలిసింది. ఈసారి ఆ రెండో ప్రయాణం గురించి రాస్తున్నాను.

నేను సికింద్రాబాదులో ఒక సరఫరా కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్‌ని. గుడారాలు, మడత మంచాలు, నీళ్ల డ్రమ్ములు, కిరసనాయిలు పొయ్యిలు నాలుగు ఊళ్లలో చిన్నచిన్న వాళ్ల దగ్గర కొని, విశాఖ రేవులో ఓడకెక్కించడం మా పని. గుడారాలు కుట్టేది ఆ పూర్ణా మార్కెట్ వెనకుండే రజియా బీ. మొదటి ఓడ వెళ్లిన కొద్దిరోజులకే అవతలి నుంచి ఫిర్యాదు వచ్చింది. కర్రలు చాలక గుడారాలు నిలబడడం లేదట. నేనూ, మా యజమానీ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కుట్టినావిడే కర్రలు తగ్గించి ఉంటుందని తేల్చేశాం. అయినా అంత తొందరలో గుడారాలు కుట్టి ఇవ్వగలిగినవాళ్లు ఇంకెవరూ దొరకలేదు. రెండో ఆర్డరూ ఆమెకే వెళ్లింది. ఈసారి ప్రతి కర్రా నేనే స్వయంగా చూసి ఎక్కించాలని షరతు.

అందుకని కార్తీకమాసంలో ఒక సాయంత్రం సికింద్రాబాదులో బండెక్కాను. ఈ బండికి వెళ్లేవాళ్లు టికెట్టు కనీసం వారం ముందు తీసుకోవాలి. కిటికీ పక్క సీటు దొరికితే కాజీపేట దాకా చెరువుల మీద పొద్దుగూకడం చూడవచ్చు. నాకు దొరికింది. కాని చూడలేదు. ఓడ మర్నాడు కాక ఆ మర్నాడు బయలుదేరాలి. కర్రలు తక్కువైతే రజియా బీని ఏ మాటలతో నిలదీయాలా అని మనసులోనే పోట్లాడుతూ కూర్చున్నాను.

ఎదురుగా ఒక జవాను. ముప్ఫై ఏళ్లుంటాయి. మనిషి చిక్కిపోయి, చొక్కా వదులైపోయి ఉన్నాడు. పేరు సింహాచలం. ఊరు శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. శాంతిసేనలో లారీ డ్రైవరు. జ్వరం వస్తే సికింద్రాబాదు మిలిటరీ ఆస్పత్రికి తెచ్చారు. తగ్గాక నెల సెలవిచ్చారు. కాజీపేటలో టీ తాగుతుండగా నా ఉద్యోగం ఏమిటని అడిగాడు. చెప్పాను. గుడారాల మాట రాగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ కర్రలా! అవి నానే తోలినాను సార్. లారీ నిండా కర్రలే. గుడ్డ ముక్క ఒక్కటుంటే ఒట్టు. ఇవేటికిరా అనడిగితే ఆ కేంపులో ఓలకీ తెల్దు. వాన్లో నానబెట్టి, ఆనక వంటోళ్లు పొయ్యిలో ఎట్టేసినారు."

"మరి గుడ్డలు?"

"గుడ్డలు ఇంకో కేంపుకెల్లిపోనాయి. ఆళ్లు తాటిచెట్లకి కట్టుకున్నారు. అక్కడా మన తాటిచెట్లే సార్, అచ్చం మావూరిలాగుంటాది. ఆస్పత్రి గుడారం కూడా అలగే కట్టినారు. ఓనాడు మద్దేన్నం గాలొచ్చి మొత్తం మా మీద కూలిపోనాది. నాను జొరంతో ఆ కిందే ఉన్నాను. లెగిసి సూత్తే డాక్టరుబాబు తడిగుడ్డ కింద గేదెలాగ తిరుగుతన్నాడు!"

పక్కవాళ్లు పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే, "నా పక్క మంచంవోడికి అసలే నిమ్ము. ఆ తడికి మరి కోలుకోలేదు. ఇంటికంపీసినారు" అన్నాడు.

"ఓడలోంచి దింపేటప్పుడు ఎవరూ చూసుకోరా?" అని అడిగాను.

"ఏటి సూత్తారు సార్? ముందు ఏటి దిగితే అదే లారీలో ఎక్కిత్తారు. నిండిన లారీ ఎల్లిపోవాల. అక్కడ నిలబడి ఏరుకుంటానంటే ఎనకాల వోడు ఊరుకుంటాడా?"

నా చేతిలో టీ చల్లారిపోయింది. కర్రలన్నీ వెళ్లాయి. ఒక్కటీ తగ్గలేదు. వాటిని గుడ్డల నుంచి విడదీసింది నేను.

ఆ సంగతి చెప్పాలి. మొదటిసారి రజియా బీ గుడారాలు రేవు షెడ్డుకు తెచ్చినప్పుడు ఒక్కొక్కటీ ఒక్కొక్క కట్టగా ఉంది. గుడ్డ లోపల దాని కర్రలు, మేకులు, తాళ్లు, మేకులు కొట్టే కొయ్య సుత్తి, అన్నీ చుట్టి బిగించింది. వాళ్లది తాతల నాటి సామియానాల వ్యాపారం. ఏ సామియానా కర్రలు ఆ సామియానాలోనే చుట్టాలి. బండి ఏ వీధికి వెళ్లినా, ఏ ఇంటి ముందు దింపినా, అక్కడ పందిరి లేవాలి. "ఒక ఇంటికి ఒక కట్ట సాబ్" అంది. "ఇదేమైనా పెళ్లా?" అని నవ్వాను. లెక్క చూడడం కష్టమని కట్టలన్నీ విప్పించాను. గుడ్డలన్నీ ఒక వరుస, కర్రలన్నీ ఒక వరుస, మేకులన్నీ గోనెసంచుల్లో. ఇరవై ఏళ్లుగా స్టోర్స్‌లో నేను నేర్చుకున్న పద్ధతి అదే. ఏ రకం ఆ రకం. షెడ్డు అద్దంలా ఉందని మా యజమాని ఫొటో కూడా తీయించాడు. రెండో ఆర్డరులో అయితే ముందే చెప్పి పంపాను, విడివిడిగానే తేవాలని.

విజయవాడలో భోజనం కొన్నాను గాని మూత తీయలేదు. పడుకున్నాను, లేచాను, తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, మళ్లీ వచ్చాను. తెల్లవారి అనకాపల్లిలో బెల్లం వాసనకు అందరూ కిటికీలు ఎత్తారు. సింహాచలం ముఖం కడుక్కుని తల దువ్వుకుంటున్నాడు. అప్పుడు చెప్పాను అతనికి, ఆ కర్రలు విడదీయించింది నేనేనని. దువ్వెన ఆగింది.

"ఈసారైనా కలిపంపండి సార్" అన్నాడు. "సెలవైపోతే నాను మళ్లీ అక్కడికే ఎల్తాను."

వాల్తేరు స్టేషన్‌లో దిగి అతను శ్రీకాకుళం బస్సుకు వెళ్లిపోయాడు. స్టేషన్ ఎదుట లాడ్జీల్లో గదులు శుభ్రంగానే ఉంటాయి, వేణ్ణీళ్లు అడిగితే ఇస్తారు. మామూలుగా నేను అక్కడ స్నానం చేసి, ఇడ్లీ తిని, పది గంటలకు రేవుకు వెళతాను. ఆ రోజు సంచితోనే నేరుగా ఆటో ఎక్కాను. ఆటోలో అప్పటికే గాజువాక వైపు పనికి వెళ్లే ముగ్గురున్నారు. ఒకాయన ఆకాశం చూసి, "వాయుగుండమట. మా కొత్త రేకులు ఎగిరిపోకుండా ఉంటే అదే పదివేలు" అన్నాడు. ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ కట్టేసి ఉన్నాయని, ఆ పూట చేపల పాట కూడా లేదని డ్రైవరు చెప్పాడు. గాలి అప్పటికింకా పెద్దగా లేదు. ఉక్కగా ఉంది.

రేవు షెడ్డు దగ్గర కూలీల మేస్త్రి నూకరాజు ఎదురొచ్చాడు. పొట్టి మనిషి, మెడలో తువ్వాలు, గొంతు మాత్రం క్రేనుకు వినపడేంత.

"బేగి రండి బావూ! ఓడ రేపు కాదు, ఇయ్యాల సాయంత్రమే ఎల్లిపోతాది. గాలొచ్చీలోపల దాటిపోవాలని కేప్టెను గోల. మీరు రాలేదని ఆపుతామేటి? నిన్నట్నుంచీ ఎక్కించేత్తన్నాం."

"గుడారాలు?"

"గుడ్డలన్నీ ఓడ లోనికెల్లిపోనాయి. కర్రలున్నాయి షెడ్డులో. సూడండి, మీరు సెప్పినట్టే, ఏ రకం ఆ రకం."

కర్రలు గోడకు ఆనించి, చిన్నవి ఇటు, పెద్దవి అటు, ఎంతో అందంగా పేర్చి ఉన్నాయి.

టెలిఫోన్ ఆఫీసుకు పరిగెత్తి మా యజమానికి ట్రంకాల్ బుక్ చేశాను. లైను దొరికేసరికి తొమ్మిది దాటింది. అక్కడి బల్ల మీద కూర్చోలేక, గేటు దాకా వెళ్లడం, నా పేరు పిలిచారేమోనని తిరిగి రావడం. చివరికి ఆయన గొంతు వినపడింది. అంతా చెప్పాను. "లెక్క సరిపోయిందా?" అన్నాడు. సరిపోయిందన్నాను. "మరింకేం? ఎక్కించినవి ఎక్కించినట్టే ఉండనీయండి. ఓడ ఆలస్యమైతే మనం జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. నేను ఇంకా ఏదో అంటుండగానే పెట్టేశాడు.

షెడ్డుకు తిరిగి వెళ్లాలో, రజియా బీ దగ్గరికి వెళ్లాలో తోచలేదు. పెద్ద కర్ర ఏ గుడ్డకు పడుతుందో, చిన్నది దేనికో నాకసలు తెలియదు. రిక్షా ఎక్కి పూర్ణా మార్కెట్ అన్నాను.

మార్కెట్ వెనక సందులో, అల్లం, ఎండుమిరపకాయల దుకాణాలు దాటాక, ఆమె కార్ఖానా ఉంది. అరవై ఏళ్ల మనిషి. నేల మీద కాన్వాసు పరిచి పెద్ద కత్తెరతో కోస్తోంది. కుట్టేవాళ్లు నలుగురు నన్ను చూసి మిషన్లు ఆపేశారు.

"రండి సూపర్‌వైజర్ సాబ్" అంది, తల ఎత్తకుండానే. "చేతివాటం వాళ్లం గదా, చేతులు చూసి పోదామని వచ్చారా? పక్క దుకాణం ఆయన చదివి వినిపించాడు మీరు రాసింది. భలే రాస్తారు. మా వీధి పేరు అచ్చులో పడడం అదే మొదలు."

నిలబడే చెప్పాను. జవాను చెప్పింది, నేను చేసింది, ఓడలోకి వెళ్లిపోయిన గుడ్డలు, అన్నీ. ఆమె కత్తెర ఆపలేదు.

"నాకు తెలీదనుకున్నారా? విడదీస్తే నిలబడవని మీ మొహం మీదే చెప్పాను. మీరు నవ్వారు. రెండోసారి కూడా విడివిడిగా తెమ్మన్నారు. తెచ్చాను. మళ్లీ చెప్పలేదు. నాకూ కోపం ఉంటాది గదా! నిలబడకపోతే మీ మొహం ఎలాగుంటాదో చూద్దామనుకున్నాను."

"చూడండి. కాని ఆ గుడారం కింద పడుకునేది నేను కాదు బీబీ గారూ. ఆస్పత్రి గుడారం జ్వరంతో ఉన్నవాళ్ల మీద కూలిపోయిందట."

అప్పుడు తలెత్తింది.

"ఎర్ర అంచు డేరానా?"

ఆస్పత్రి గుడారాలకు మాత్రం ఆమె ఎర్ర అంచు వేస్తుంది, దూరం నుంచే తెలియాలని. అవునన్నాను. కత్తెర పక్కన పడేసింది. తర్వాత కుట్టేవాళ్ల వైపు తిరిగి, "తాళ్లు తీసుకోండి, సూదులు తీసుకోండి. దుకాణం మూసేయండి. ఏం చూస్తారు? లేవండి!" అంది. నాతో, "నా కోపం సంగతి ఆ గుడారంలో పడుకునే పిల్లలకి చెప్పకండి" అని మెల్లిగా అంది. ఇక్కడ రాస్తున్నానంటే, తర్వాత ఆమే రాయమంది కనుక.

మేం షెడ్డు చేరేసరికి కూలీలు భోజనాలకు కూర్చున్నారు. గుడ్డలు పైకి తీయాలన్నాను. నూకరాజు నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"దింపినదాన్ని మల్లీ ఎత్తమంటారేటి? ఇదేటి బావూ, సీర మడతా, నచ్చకపోతే ఇప్పీడానికి? కేప్టెను నన్ను సముద్రంలోకి తోసెత్తాడు."

రజియా బీ ముందుకొచ్చింది. "నూకరాజూ, నీ కూతురి పెళ్లికి సామియానా ఎవరిది?"

"మీదే బీబమ్మా."

"ఆ రోజు నువ్వు పందిరి ఎక్కడ వేయించావు?"

"ముందు ఇంటికాడ అనుకున్నాం. బురదైపోనాదని ఆఖర్న ఇస్కూలు కాడికి మార్చినాం."

"బండి అటు తిరిగింది. కర్రలు ఇంటి దగ్గర ఉండిపోయాయా?"

"ఎందుకుండిపోతాయి? అన్నీ కట్టలోనే..." అని ఆగిపోయాడు. కూలీల్లో ఎవరో నవ్వారు. నూకరాజు చెయ్యి కడుక్కున్నాడు. "ఆస్పత్రివీ, వంటశాలవీ పైనే ఉన్నాయి. అవి లాగీగలం. సిన్నవాటి మీద మాత్రం నీళ్ల డ్రమ్ములు కూకున్నాయి. వాటి జోలికెల్తే రేపు పొద్దున్నకీ అవదు. ముందే సెప్తన్నాను."

కేప్టెన్ దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన గడియారం చూసి, పొగ గొట్టం చూసి, సాయంత్రం నాలుగు దాటాక ఒక్క తాడు కూడా పైకి లేవకూడదన్నాడు. ఎవరి ఆర్డరు అని పక్కనున్న ఓడ కంపెనీ ఏజెంటు అడిగాడు. నాదేనన్నాను.

క్రేను ఎర్ర అంచు గుడ్డల్ని, వంటశాల గుడ్డల్ని రెండేసి, మూడేసి పైకి లాగింది. షెడ్డు ముందు నేలంతా కాన్వాసు. కుట్టేవాళ్లు కర్రలు మోసి తెస్తున్నారు. రజియా బీ ఒక్కొక్క కర్రనూ గుడ్డ అంచు వెంట పడుకోబెట్టి కొలత చూసి, "ఇది కాదు, పక్కది" అంటోంది. మేకులు, సుత్తి మధ్యలో పెట్టి చుట్టడం, రెండువైపులా బిగించడం. నేనూ ఒక కట్ట కట్టబోయాను. నా ముడి చూసి ఆమె విప్పేసింది.

"మీరు సంతకాలు చేయండి సాబ్. ముడులు మేం వేస్తాం."

"వేసిన సంతకాలు చాలు" అన్నాను.

"అయితే కర్రలు మొయ్యండి."

మోశాను. గాలి మొదలైంది. కాన్వాసు లేచి కుట్టేవాళ్ల ముఖాల మీద కొడుతోంది. దాని మీద కూర్చోవడానికి నూకరాజు తన మనుషుల్ని పంపాడు. వాళ్లు గుడ్డల మీద కూర్చుని బీడీలు తీయబోతే రజియా బీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఓడ ఒకసారి కూత వేసింది. ఇంకా నాలుగు కట్టలున్నాయి. మళ్లీ కూసింది. ఆఖరి కట్ట తాడు బిగించేలోపలే క్రేను కొక్కెం మా తల మీదికి వచ్చేసింది.

ఆస్పత్రివీ, వంటశాలవీ అన్నీ కట్టలుగా వెళ్లాయి. చిన్న గుడారాల కర్రలు మిగిలాయి. జవాన్లు రాత్రిపూట పడుకునేవి అవే. వాటి గుడ్డలు డ్రమ్ముల అడుగున. చేసేది లేక, ఆ కర్రల్ని అదే అరలో, డ్రమ్ముల మీద వేయించాం. అవతల ముందు కర్రలు దిగుతాయి, తర్వాత డ్రమ్ములు, తర్వాత గుడ్డలు. నిండిన లారీ వెళ్లిపోతుంది. అది నాకూ తెలుసు, రజియా బీకీ తెలుసు. ఆమె ఓడ వైపు చూస్తూ, "అల్లా కలిపితే కలుస్తాయి" అంది.

ఐదింటికి ఓడ కదిలింది. నూకరాజు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఈసారి పెళ్లిళ్లోళ్ల పద్దతే పెట్టండి బావూ. మాకూ ఒకసారి మోత్తే సరిపోతాది" అన్నాడు.

ఓడ ముందే వెళ్లిపోయింది కనుక నేనూ ఆ సాయంత్రం బండికే బయలుదేరాను. రజియా బీ రిక్షా దాకా వచ్చింది. "అచ్చులో అన్నారు. అచ్చులోనే దిద్దాల. మా సందులో నిలబడి చెప్తే మా సందుకే తెలుస్తాది" అంది. "నా కోపం సంగతి కూడా రాయండి. లేకపోతే అంతా మీరొక్కరే చేశారనుకుంటారు. అంత గొప్ప మీకెందుకు?" అంది. మనిషిని పంపి తెప్పించిన ఒక గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. "దారిలో తినండి. రొట్టెలు. కూర వెనకాల బండిలో వస్తాది." నూకరాజు పకపకా నవ్వాడు. బండి పోతుందేమోనన్న గాభరాలో నాకా నవ్వు అర్థం కాలేదు. దండం పెట్టి రిక్షా ఎక్కేశాను.

తుని దాటాక ఆకలేసింది. ముందు రోజు నుంచీ సరిగ్గా ఏమీ తినలేదు. మూట విప్పాను. రొట్టెలు, వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ ఒకే రకం. కూర లేదు, ఉల్లిపాయ ముక్క లేదు, ఉప్పు లేదు. మరిచిపోయి ఉంటుందని అడుగుదాకా వెతికాను. అప్పుడు ఆమె అన్న మాట గుర్తొచ్చింది. నూకరాజు ఎందుకు నవ్వాడో తెలిసింది. నా పద్ధతిలోనే నాకు భోజనం కట్టి పంపింది.

ఎదుటి సీటులో రాజమండ్రి వెళ్లే ఆవిడ నా అవస్థ చూసి గిన్నె మూత తీసింది. "వంకాయ కూర ఉందండీ, వేసుకోండి. ఉత్త రొట్టె ఎలా దిగుతుంది?"

"వద్దండీ. వెనక బండిలో వస్తోంది" అన్నాను.

ఆవిడ వింతగా చూసి మూత పెట్టేసుకుంది. బయట వాన మొదలైంది. ఎవరో కిటికీ దించమన్నారు.

ఇలా సామాను పంపేవాళ్లు, కొనేవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో ఉంటే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వస్తువు మీ షెడ్డులో ఎంత అందంగా ఉందని చూడకండి. మీరెవరూ లేనిచోట, వానలో, తెలియని మనిషి ఆ కట్ట ఒక్కటే విప్పితే అది నిలబడుతుందా లేదా చూడండి. రజియా బీ కర్రలు మొదటిసారీ అన్నీ ఉన్నాయి, రెండోసారీ అన్నీ ఉన్నాయి. నేను కిందటేడు రాసిన ఆ వాక్యం కొట్టేసి చదువుకోండి.

చిన్న గుడారాల సంగతి ఇది రాసే నాటికి కూడా నాకు తెలియలేదు. ఆ రాత్రి బండిలో అదే ఆలోచన. డ్రమ్ముల పైన కర్రలు, డ్రమ్ముల కింద గుడ్డలు, మధ్యలో ఊగుతున్న ఓడ. సింహాచలం సెలవు నెలరోజులే. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఎంత నమిలినా గొంతు దిగలేదు.